రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ ఎవరికి భరోసా?

2019 మే మొదటి వారం. హైదరాబాద్‌లోని అల్వాల్ ఇళ్లలో కూలర్లు రాత్రీపగలూ తిరుగుతున్న రోజులు. కరెంటు బిల్లు ఫోన్‌లోనే కట్టేద్దామని కూర్చున్నవాళ్లకు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్ తెరుచుకోలేదు. సంగతి తర్వాత బయటికొచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి రాన్సమ్‌వేర్ చొరబడింది. ఫైళ్లకు తాళం బిగించి, తీయాలంటే బిట్‌కాయిన్లలో సొమ్ము చెల్లించమంది. డేటాకు బ్యాకప్ ఉందని అధికారులు భరోసా ఇచ్చారు. కొద్ది రోజుల్లో సేవలు మళ్లీ మొదలయ్యాయి. జనం బిల్లులు కట్టుకున్నారు, మరిచిపోయారు.

మరిచిపోవలసిన సంగతి కాదది. అంతకు రెండేళ్ల ముందు, 2017 మేలో, ప్రపంచాన్ని చుట్టేసిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లనూ, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లనూ తాకింది. ఇలాంటి దెబ్బ తగిలిన ప్రతిసారీ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: బ్యాకప్ ఉందా? ఉందనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వెంటనే అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. ఆ బ్యాకప్ నుంచి సర్వర్‌ను చివరిసారి ఎప్పుడు లేపి చూశారు, ఎన్ని గంటలు పట్టింది? ఈ ప్రశ్నకు ప్రతి ప్రభుత్వ శాఖా, జనం వివరాలు దాచుకున్న ప్రతి సంస్థా జవాబు చెప్పి తీరాలి. చెప్పలేని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకూడదు.

ఇదేదో మాదాపూర్ అద్దాల మేడల వ్యవహారం అనుకోవడానికి లేదు. రాజీవ్ రహదారి వెంట లోతుకుంట నుంచి అల్వాల్ దాటి పైకి వెళ్తుంటే కనిపించే బోర్డులు చదివితే చాలు: రక్తపరీక్షల ల్యాబ్, పళ్ల డాక్టరు, ప్రైవేటు బడి, చిట్‌ఫండ్ ఆఫీసు, మీసేవ కేంద్రం. వీటిలో దేనికైనా పేరూ ఫోన్ నంబరూ ఇవ్వకుండా పని జరగదు. ఆ పేర్లన్నీ ఏదో ఒక సర్వర్ మీద కూర్చుంటాయి. అది గచ్చిబౌలిలో ఉండొచ్చు, అదే దుకాణంలో బల్ల కింద ఇన్వర్టర్ పక్కనే ఉండొచ్చు. ఎక్కడున్నా ఇవాళ ఆ పెట్టెలో నడిచేది ఒక్క కంప్యూటర్ కాదు.

పాత అల్వాల్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్న పెద్దాయన దాన్ని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిస్తే ఎలా ఉంటుందో వర్చువల్ మెషీన్లు అలా ఉంటాయి. పునాది ఒకటే, నేల ఒకటే. ఏ పోర్షన్ వంటిల్లు దానిదే, తాళం దానిదే. ఒక పోర్షన్‌లో విండోస్, పక్క పోర్షన్‌లో లినక్స్ కాపురం చేస్తుంటాయి. ఒకరి గొడవ మరొకరికి వినపడదు. కంటైనర్లది హాస్టల్ పద్ధతి. వంటగది, నీళ్ల ట్యాంకు అందరికీ ఉమ్మడి, మనిషికో మంచం. కొత్త మనిషొస్తే నిమిషంలో మంచం వేస్తారు, వెళ్లిపోతే నిమిషంలో తీసేస్తారు. 2013లో డాకర్ అనే కంటైనర్ల సాధనం వచ్చిన దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ లోకం ఈ హాస్టల్ పద్ధతికి బాగా అలవాటు పడింది. ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ.

ఈ రెండు పద్ధతుల వల్లా బ్యాకప్ తేలికైంది. తేలికైన చోటే ఏమరుపాటు మొదలైంది.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ మొత్తం కొన్ని ఫైళ్లుగా మారిపోవడం. దాని హార్డ్‌డిస్కు, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్లు, లెక్కలు అన్నీ వాటిలోనే. ఆ ఫైళ్లను నకలు తీసుకుంటే కంప్యూటర్‌ను నకలు తీసుకున్నట్టే. నడుస్తున్నప్పుడే స్నాప్‌షాట్ తీసే వీలు కూడా ఉంది. ఒక్క బటన్ నొక్కితే ఆ క్షణం దాకా ఉన్న స్థితి పదిలం. అప్‌డేట్ చేసే ముందు స్నాప్‌షాట్ తీసుకోవడం మంచి అలవాటే. దాన్నే బ్యాకప్ అనుకోవడం దగ్గర చిక్కొస్తుంది. స్నాప్‌షాట్ అసలు డిస్కు ఉన్న స్టోరేజీలోనే ఉంటుంది, ఆ డిస్కు మీదే ఆధారపడుతుంది. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్ సంస్థే తన వినియోగదారులకు చెబుతోంది. నెలల తరబడి ఉంచేస్తే అది ఉబ్బి, స్టోరేజీని నింపేసి, నడుస్తున్న మెషీన్‌నే నిలబెట్టేస్తుంది.

ఇంకో ఇరకాటం డేటాబేస్‌లది. చిట్‌ఫండ్ గుమాస్తా ఖాతా పుస్తకంలో జమ రాసి, ఖర్చు రాయబోతుండగా ఎవరో ఆ పేజీ ఫొటో తీశారనుకుందాం. ఫొటో చక్కగానే వస్తుంది, లెక్క మాత్రం కలవదు. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఉన్నపళంగా నకలు తీస్తే లోపలి డేటాబేస్‌కు సరిగ్గా ఇదే జరుగుతుంది. కరెంటు పోయి ఠక్కున ఆగిన కంప్యూటర్‌లా అది లేస్తుంది. చాలాసార్లు తన లాగ్ చూసుకుని సర్దుకుంటుంది, అన్నిసార్లూ సర్దుకోదు. అందుకే నకలు తీసే ముందు లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క క్షణం ఆగమని కబురు పెట్టే ఏర్పాటు ఉంది. ప్రతి మంచి బ్యాకప్ సాధనంలోనూ ఈ సదుపాయం ఉంటుంది. మెషీన్ లోపల దానికి సంబంధించిన చిన్న ప్రోగ్రామ్ పెట్టారో లేదో చూసుకోవడం మన పని. పెట్టకపోయినా బ్యాకప్ విజయవంతం అనే పచ్చ గుర్తు వెలుగుతూనే ఉండొచ్చు.

కంటైనర్ల దగ్గర పొరపాటు వేరే రూపంలో వస్తుంది. హాస్టల్‌లో మంచం తీసేస్తే మంచం కింద పెట్టె కూడా పోతుంది, దాన్ని విడిగా అలమరలో పెట్టుకుంటే తప్ప. కంటైనర్ లోపల రాసుకున్నదంతా కంటైనర్‌తో పాటే చెరిగిపోతుంది. నిలబడాల్సిన డేటాను వాల్యూమ్ అనే వేరే చోట ఉంచాలి, బ్యాకప్ తీయాల్సింది దాన్నే. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చాలామంది కంటైనర్ ఇమేజ్‌ను జాగ్రత్తగా దాచి, వాల్యూమ్‌ను మరిచిపోతారు. ఇమేజ్ వంట విధానం లాంటిది, ఇంటర్నెట్‌లో మళ్లీ దొరుకుతుంది. రోగుల రిపోర్టులు, పిల్లల ఫీజుల లెక్కలు ఉండేది వాల్యూమ్‌లో. అవి ఇంకెక్కడా దొరకవు.

వంట విధానంలోనూ మెలిక ఉంది. ఉప్పు తగినంత అని రాస్తే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రుచి. కంటైనర్ ఫైలులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు రాయకుండా లేటెస్ట్ అని వదిలేస్తే, రెండేళ్ల తర్వాత రీస్టోర్ చేసే రోజున అప్పటి కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నే తీసుకుంటే, 13వ వెర్షన్ రాసిన డేటా ఫోల్డరును 16వ వెర్షన్ నేరుగా తెరవదు. డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని చదవగల వెర్షన్ మాత్రం పక్కన ఉండదు.

తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. ఆయన కుటుంబం వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచింది. తాటాకు కన్నా రాగి మన్నుతుందన్న ముందుచూపు అది. వందల ఏళ్లు ఆ రేకులు చీకట్లో ఉండిపోయాయి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పండితులు వాటిని వెలికితీసి పరిష్కరిస్తే పన్నెండు వేలకు పైగా సంకీర్తనలు చేతికొచ్చాయి. సాహిత్యం వచ్చింది. రేకు మీద ఫలానా రాగం అన్న పేరూ ఉంది. ఆ పాటను అన్నమయ్య ఏ బాణీలో పాడారన్నది మాత్రం రేకులో లేదు. నోటి నుంచి నోటికి సాగాల్సిన ఆ వరస మధ్యలో ఎక్కడో తెగిపోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కూర్చుని కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. మాటలు దక్కాయి, పాట దక్కలేదు. నడుస్తున్న వ్యవస్థలో డేటా మాత్రమే దాచి, దాన్ని నడిపే తీరును దాచనప్పుడు మిగిలేది ఇదే.

ఒకే పునాది మీద ఎన్నో మెషీన్లు నడుస్తాయన్న సంగతి రాన్సమ్‌వేర్ ముఠాలకు బాగా తెలుసు. ఒక్కొక్క కంప్యూటర్ మీద పడటం వాళ్లు ఎప్పుడో తగ్గించేశారు. నాలుగు పోర్షన్ల తాళాలు విడివిడిగా పగలగొట్టడం కన్నా ఇంటి పునాది పట్టుకోవడం తేలిక. 2023 ఫిబ్రవరి మొదట్లో ఈఎస్‌ఎక్స్‌ఐ ఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ వీఎంవేర్ సర్వర్ల మీద విరుచుకుపడింది. 3,800కు పైగా సర్వర్లు దెబ్బతిన్నాయని అమెరికా ప్రభుత్వ సంస్థలు లెక్క చెప్పాయి. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ రెండేళ్ల ముందే విడుదలైంది. మొదటి విడత దాడిలో దొంగలు చిన్న చిన్న ఆకృతీకరణ ఫైళ్లకు తాళం వేసి, అసలు పెద్ద డిస్కు ఫైళ్లను చాలాచోట్ల సరిగా ముట్టుకోలేకపోయారు. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా వాటి ఆధారంగా మెషీన్లను తిరిగి కట్టే స్క్రిప్టు రాసి ఉచితంగా ఇచ్చింది. కొన్ని రోజుల్లోనే దొంగలు పద్ధతి మార్చుకున్నారు, ఆ దారి మూసుకుపోయింది.

ఇక్కడే చాలామంది ఒక మాట అంటారు: మా డేటా రెండు చోట్ల ఒకేసారి రాసుకుంటుంది, మాకేం భయం? 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడికి చిక్కిన డెన్మార్క్ ఓడల సంస్థ మేర్స్క్ దగ్గర అలాంటి సర్వర్లు ప్రపంచమంతటా 150 దాకా ఉన్నాయి. ఉద్యోగుల లాగిన్ వివరాలను అవి ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ ఉండేవి. ఒకటి పోయినా మిగతావి ఉంటాయన్నది లెక్క. దాడిలో అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి, ఒక్కటి తప్ప. ఆఫ్రికాలో ఘనా దేశపు ఆఫీసులో సరిగ్గా ఆ సమయానికి కరెంటు పోయింది. ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేకపోవడం వల్ల బతికింది. దాని డిస్కును చేతపట్టుకుని లండన్ దగ్గరి కేంద్రానికి రావాలంటే ఘనా ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకరు నైజీరియా దాకా తెచ్చి మరొకరికి అప్పగిస్తే అక్కణ్నుంచి అది లండన్ చేరింది. ఆ ఒక్క డిస్కు ఆధారంగా పది రోజుల్లో నాలుగు వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు మళ్లీ నిలబెట్టారు. ఒకేసారి రెండు చోట్ల రాసుకోవడం డిస్కు చెడిపోతే కాపాడుతుంది. తప్పు జరిగితే ఆ తప్పునూ రెండు చోట్లా అంతే నమ్మకంగా రాసుకుంటుంది. కనీసం ఒక నకలు వైరు ఊడదీసి పక్కన ఉండాలని పెద్దలు చెప్పేది అందుకే.

ఆ పక్కన అనే మాటకు దూరం కూడా ఉండాలి. 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌కు డబ్బు కట్టిన కొందరు ఖాతాదారుల నకళ్లు కూడా అదే భవనంలో ఉన్నాయని అప్పుడు తెలిసింది. వ్యవహారం కోర్టుకెక్కింది, సంస్థ పరిహారం చెల్లించాలని తీర్పులొచ్చాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ప్రభుత్వోద్యోగులు తమ పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం బూడిదైంది, 858 టెరాబైట్లు. అంత పెద్ద నిల్వకు బయట నకలు పెట్టడం కష్టమని దానికి వేరే చోట బ్యాకప్ పెట్టలేదు. ప్రపంచంలోనే చురుకైన డిజిటల్ ప్రభుత్వంగా పేరున్న దేశంలో జరిగిన సంగతి ఇది.

మన దగ్గర కాగితం కాలినా కథ ఇలాగే ఉంటుంది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయినప్పుడు భూములున్న రైతులను వేధించిన ప్రశ్న ఒకటే, ఆ ఫైలు నకలు ఇంకెక్కడుంది? తెలంగాణలో భూముల వివరాలు 2020 అక్టోబరులో ధరణి పోర్టల్‌లోకి, 2025 ఏప్రిల్‌లో భూభారతిలోకి వచ్చాయి. కాగితం కన్నా డిజిటల్ నకలు తీయడం ఎన్నో రెట్లు సులువు. ఆ సులువును ప్రభుత్వాలు ఎంతవరకు వాడుకున్నాయో పౌరుడికి తెలియాలి. తన పట్టా ఎక్కడెక్కడ భద్రంగా ఉందో, ప్రధాన కేంద్రం కూలితే ఎన్ని గంటల్లో అది తన ఫోన్‌లో మళ్లీ కనిపిస్తుందో తెలుసుకునే హక్కు అతనికి ఉంది.

గంటలు అన్న చోట కాసేపు ఆగి లెక్క వేయాలి. ఓ మోస్తరు ఆసుపత్రి వర్చువల్ మెషీన్లన్నీ కలిపి రెండు టెరాబైట్లు ఉన్నాయనుకుందాం. బ్యాకప్ క్లౌడ్‌లో ఉంది, లైను వంద ఎంబీపీఎస్. ఆ వేగం పూర్తిగా అందినా మొత్తం దిగడానికి 44 గంటలు పడుతుంది. దాదాపు రెండు రోజులు. అదే నకలు పక్క వీధిలోని హార్డ్‌డిస్కులో ఉంటే నాలుగైదు గంటల పని. ఈ గుణకారం చేసుకోనివాళ్లు సాయంత్రానికల్లా వచ్చేస్తుందని రోగులకు చెప్పి కూర్చోబెడతారు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు రాన్సమ్‌వేర్ పాలయ్యాయి. 1.3 టెరాబైట్ల దాకా డేటాకు తాళం పడింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటా మొత్తం తిరిగి దక్కిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అయినా చాలా సేవలు మామూలు స్థితికి రావడానికి రెండు వారాలు పట్టింది. అన్ని రోజులూ చీటీలు చేత్తో రాశారు, క్యూలు పెరిగాయి. బ్యాకప్ ఉండి కూడా రెండు వారాలు. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకదానికి అంత సమయం పడితే మన వీధి చివరి నర్సింగ్ హోమ్ సంగతి ఊహించుకోవచ్చు.

గిట్‌ల్యాబ్ ఉదంతం మరీ కళ్లు తెరిపిస్తుంది. అది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ కోడ్ దాచుకునే సంస్థ, అందులో పనిచేసేవాళ్లందరూ ఆరితేరినవాళ్లే. 2017 జనవరి 31 రాత్రి అలసిపోయిన ఇంజినీరు ఒకరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ తుడిచేశారు. రెండు సెకన్లలో గ్రహించి ఆపేసరికి 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. బ్యాకప్ కోసం వాళ్లకు ఐదు ఏర్పాట్లున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఏదీ నమ్మదగ్గట్టుగా పనిచేయడం లేదు. రోజూ జరగాల్సిన డేటాబేస్ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురవుతున్నాయి. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ చివరికి ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం శాశ్వతంగా పోయింది. ఆ సంస్థ తప్పును దాచలేదు. రీస్టోర్ పనిని ప్రపంచమంతా చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేసింది, ఎక్కడెక్కడ పొరబడ్డారో వివరంగా రాసి అందరి ముందూ పెట్టింది. మన సంస్థలు నేర్చుకోవాల్సింది ఆ నిజాయితీనే.

ఇన్ని చెప్పాక ఎవరికైనా సందేహం వస్తుంది: రీస్టోర్ పరీక్ష అంటే నడుస్తున్న వ్యవస్థను ఆపాలి కదా, అంత ఖర్చు ఎవరు భరిస్తారు? ఒకప్పుడు ఇది సరైన అభ్యంతరమే. టేపుల్లో బ్యాకప్ తీసే రోజుల్లో దాన్ని పరీక్షించాలంటే అచ్చం అలాంటి ఇంకో మెషీన్ కొనాల్సి వచ్చేది. వర్చువల్ మెషీన్లు ఆ అవసరాన్ని తీసేశాయి. నిన్న రాత్రి తీసిన నకలును ఇవాళ మధ్యాహ్నం ఓ పక్కన, బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా లేపి చూడొచ్చు. లాగిన్ అవుతోందా, నిన్నటి చివరి బిల్లు కనిపిస్తోందా, పాత రోగి పేరు వెతికితే దొరుకుతోందా అని చూసుకుని ఆపేయొచ్చు. అసలు సర్వర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆస్ట్రియాకు చెందిన ప్రాక్స్‌మాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఉచితంగా దొరుకుతుంది. వర్చువల్ మెషీన్లనూ కంటైనర్లనూ రెండింటినీ నకలు తీస్తుంది, మారిన భాగాన్నే మళ్లీ రాస్తూ చోటు ఆదా చేస్తుంది, దాచిన నకళ్లు చెడిపోయాయేమో తనంతట తానే తనిఖీ చేస్తుంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ చేతికి వెళ్లాక వీఎంవేర్ లైసెన్సుల తీరు మారి, చిన్న సంస్థలు ఎన్నో ఇటువైపు మళ్లాయి. సాధనం లేదని చెప్పే రోజులు పోయాయి.

ఆర్థిక రంగం ఈ పాఠం ముందే నేర్చుకుంది. కీలకమైన వ్యవస్థలను ఆరు నెలలకోసారైనా ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నడిపి చూడాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. 2024 మార్చి 2న, మే 18న, రెండూ శనివారాలే, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రత్యేకంగా తెరుచుకుంది. కాసేపు ప్రధాన కేంద్రం నుంచి, తర్వాత విపత్తు కోసం పెట్టుకున్న ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నిజమైన కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపించి చూసుకుంది. మదుపరుల సొమ్ముకు ఇచ్చిన ఈ గౌరవం రైతు పట్టాకు, రోగి రిపోర్టుకు, విద్యార్థి మార్కుల మెమోకు ఎందుకు ఉండకూడదు?

చట్టం సగం దూరం వచ్చింది. సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లో సమాచారం ఇవ్వాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు అందులో ఉంది. 2025 నవంబరులో వెలువడిన దాని నియమాల్లో బ్యాకప్ మాట కూడా చేరింది. ఆ మాటకు ఇంకో మాట జోడించాల్సి ఉంది: రీస్టోర్. తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్‌కు హైదరాబాద్‌లో మూడు వేర్వేరు ప్రాంగణాల కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ సంగతికొస్తే, విశాఖలో 15 బిలియన్ డాలర్లతో డేటా కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ప్రపంచపు డేటా దాచడానికి పిలుస్తున్న రాష్ట్రాలు తమ పౌరుల డేటా విషయంలో అందరికన్నా ముందుండాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్రతి శాఖ వెబ్‌సైట్‌లో మూడు అంకెలు పెట్టాలి. చివరిసారి రీస్టోర్ చేసి చూసిన తేదీ, అందుకు పట్టిన సమయం, ఆ నకలు అసలు డేటా కన్నా ఎన్ని గంటలు పాతది. మూడు నెలలకోసారి వాటిని మార్చాలి. ఇవి బయటపెడితే దొంగలకు ఆనుపానులు తెలుస్తాయనే వాదన నిలవదు. ఏ సాఫ్ట్‌వేరో, ఏ గదిలో ఉందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. తేదీ, గంటలు తెలుసుకుని దొంగ చేయగలిగింది ఏమీ లేదు. పైగా త్వరగా కోలుకోగలరని తెలిస్తే సొమ్ము అడగడానికి వాడే వెనకాడతాడు. టెండరు రాసేటప్పుడు కూడా బ్యాకప్ తీసినందుకు కాదు, రీస్టోర్ చేసి చూపించినందుకు బిల్లు చెల్లించేలా షరతు పెట్టాలి.

దుకాణదారుల వాటా కూడా ఉంది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక పుస్తకంలో చెప్పిన మూడు-రెండు-ఒకటి సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: మూడు నకళ్లు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట. మంచి స్మార్ట్‌ఫోన్ ధరకు రెండు హార్డ్‌డిస్కులు వస్తాయి. ఒకటి దుకాణంలో ఉంటే రెండోది ఇంటి బీరువాలో ఉండాలి, వారానికోసారి అటుది ఇటు, ఇటుది అటు మార్చుకోవాలి. చెరువుల కింది కాలనీల్లో, సెల్లార్ గదుల్లో సర్వర్ పెట్టుకున్నవాళ్లకు వానాకాలంలో ఈ బీరువా ఎంత విలువైందో వేరే చెప్పాలా? నకలుకు వేసిన పాస్‌వర్డ్ అదే సర్వర్‌లో రాసుకుంటే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి మూసినట్టు. దాన్ని కాగితం మీద రాసి, ఇద్దరికి తెలిసేలా వేరే చోట దాచాలి. ఉద్యోగాలు ఏటా మారే ఊళ్లో ఆ పాస్‌వర్డ్ ఒక్క కుర్రాడి తలలో ఉండటం మంచిది కాదు.

సాయం చేసేవాళ్లూ దగ్గర్లోనే ఉన్నారు. పాత అల్వాల్‌లో 1976 నుంచి నడుస్తున్న లొయోలా అకాడమీ సహా ఈ చుట్టుపక్కల కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలు వందల్లో ఉన్నారు. డాకర్ కంటైనర్ లేపడం వాళ్లకు పెద్ద కష్టమైన పని కాదు. ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా తమ వీధిలోని ఒక క్లినిక్కో బడో ఎంచుకుని, యజమాని ఎదురుగా, అతని అనుమతితో, అతని దగ్గరే ఉన్న నకలు నుంచి వ్యవస్థను లేపి చూపిస్తే ఇద్దరికీ లాభం. వాళ్లకు పుస్తకంలో దొరకని పాఠం దొరుకుతుంది. యజమానికి తన నకలు పనిచేస్తుందో లేదో తేలుతుంది. పనిచేయదని తేలితే ఇంకా మంచిది, సరిచేసుకోవడానికి అసలు సర్వర్ ఇంకా బతికే ఉంది.

ఎవరూ రాకపోయినా ఓ శనివారం సాయంత్రం షట్టరు సగం దించాక ఈ పని మొదలుపెట్టొచ్చు. బీరువాలోని డిస్కు తెచ్చి వేరే కంప్యూటర్‌కు తగిలించాలి. గడియారం చూసుకుని రీస్టోర్ నొక్కాలి. సర్వర్ లేచి, ముందురోజు చివరగా వచ్చిన రోగి రిపోర్టు తెర మీద కనిపించేసరికి ఎంతసేపు పట్టిందో తేదీ వేసి ఒక కాగితం మీద రాయాలి. దాన్ని కౌంటరు వెనక గోడకు, లైసెన్సు పక్కన, వచ్చేపోయేవాళ్లు చదివేలా అంటించాలి. మూడు నెలలకు దాని కింద రెండో వరస రాయాలి.